దొంగ శ్రుతి

కార్లకి పాట పెట్టడం నా వృత్తి. పాతికేళ్ళు అదే చేశాను. అమలాపురంలో ఎర్రవంతెన వైపు వెళ్ళే దారిలో, ఒకే షట్టరు కింద మా షాపు ఉండేది. దాన్ని మూసి ఇంట్లో కూర్చున్నాక కూడా, ఈ పనిలోకి కొత్తగా దిగినవాళ్ళు అప్పుడప్పుడూ వచ్చి అడుగుతూ ఉంటారు, పాత కారులో కొత్త స్టీరియో పెట్టేటప్పుడు ఏ వైరు దేనికి కలపాలని. పసుపు వైరు ఎప్పుడూ కరెంటుండే చోట, ఎర్రది తాళం తిప్పితే కరెంటు వచ్చే చోట, నల్లది కారు ఇనప ఒంటికి, అంటే ఎర్తుకి. ఇంతే విద్య. మిగతాదంతా ఓపిక. అయితే వాళ్ళకి నేను చెప్పనిది ఒకటుంది. అడిగితే చెప్పేవాణ్ణే, ఎవరూ అడగలేదు. అందుకని రాస్తున్నాను.

షాపులో మేం ఇద్దరం. స్టీరియోలూ స్పీకర్లూ నావి. బ్యాటరీలూ డైనమోలూ లైట్లూ రెండో ఆయనవి. ఆయనది రాజోలు వైపు. మా ఇద్దరికీ ఏ చుట్టరికమూ లేదు, కులం కూడా ఒకటి కాదు. అయినా మొదటి వారం నుంచే ఒకరినొకరం "బావగారూ" అని పిలుచుకున్నాం. నేను పెళ్ళి చేసుకోలేదు. కారణాలు ఇక్కడ అక్కర్లేదు. నన్ను వరస పెట్టి పిలిచే మనిషి ఈ ఊళ్ళో ఆయనొక్కడే.

స్టీరియోల పనికి ముందు నేను పెళ్ళిళ్ళకీ తీర్థాలకీ మైకుసెట్లు కట్టేవాణ్ణి. కొబ్బరిచెట్టుకి కట్టిన హారన్ కింద, గంటలకి గంటలు ఎడమచెవి అటు పెట్టి నించోడమే ఆ పని. చెవులు అరిగిపోతాయని అప్పట్లో ఎవరూ చెప్పలేదు. చెప్పినా వినేవాణ్ణి కాదు.

బావగారు పొట్టిగా ఉండేవారు. వేసుకున్న చొక్కా ఏదైనా నెల తిరిగేసరికి యాసిడ్ చిల్లులు పడేది. మాట తక్కువ. ఆయనకో అలవాటు. నేను ఏ కారు పని ముగించినా తాళం తీసుకుని, "చార్జింగు సరిగా అవుతోందో లేదో ఒక రౌండు చూసొస్తానండి," అని బయల్దేరేవారు. వంతెన దాటి వెళ్ళి పావుగంటకి వచ్చేవారు, ఒక్కోసారి అరగంటకి. సొంత కారు లేని మనిషి, పరాయి కార్లలో షికారు సరదా అనుకునేవాణ్ణి.

"ఏంటి బావగారూ, ఇవాళ గన్నవరం అక్విడక్టు దాకా పోయేరా?" అని వేళాకోళం ఆడితే, నవ్వేసి చేతులు తుడుచుకునేవారు.

మా పనికి మంచి పేరుండేది. కొత్తపేట నుంచీ ముమ్మిడివరం నుంచీ కూడా కార్లు తెచ్చేవారు. మీ దగ్గర పెట్టించిన సెట్టులో పాట తప్ప ఇంకో చప్పుడు ఉండదండీ అనేవారు. ఆ పేరు నాదేననుకుని, ఇరవై రెండేళ్ళు దాన్ని భుజాన మోసుకు తిరిగాను.

ఒక రోజు మురమళ్ళ దగ్గర రొయ్యల చెరువులున్న ఒకాయన షాపు ముందు కారాపి, దిగకుండానే కిటికీలోంచి అన్నాడు. "మీరు వైరు మార్చేక బ్రహ్మాండంగా ఉందండీ. ముందు ఈల వేసినట్టు ఏదో వచ్చేది, ఇప్పుడు అస్సలు లేదు." అన్నది నాతో కాదు, బావగారితో.

నాకు ఒళ్ళు మండిపోయింది. ఆ కారు మలుపు తిరిగేదాకా ఆగి అడిగాను. "నా పనిలో మీరు వేలు పెడుతున్నారా?"

"అబ్బే, చిన్న వైరు వదులుగా ఉంటే బిగించేనండి."

"వదులుగా ఉంటే నాకు చెప్పాలి. నా వెనకాల విప్పి చూడ్డం ఏంటి? నాకు చెవులు లేవనుకున్నారా?"

బావగారు ఏదో చెప్పబోయి నోరు తెరిచారు. మళ్ళీ మూసుకుని చేతిలో ఉన్న స్పానరు బల్ల మీద పెట్టేశారు. "పోన్లెండి. ఇక రౌండుకి వెళ్ళను," అన్నారు.

నిజంగానే వెళ్ళలేదు. ఆ తరవాత షాపులో మాటలు తగ్గిపోయాయి. రెండు టీలు వచ్చేవి, ఒకరు రోడ్డు వైపూ ఒకరు గోడ వైపూ చూస్తూ తాగేవాళ్ళం. ఐదారు నెలలకి, రాజోల్లో బామ్మర్ది గది ఖాళీ అయిందనీ అక్కడ షాపు పెట్టుకుంటాననీ చెప్పారు.

"మీ ఇష్టం," అన్నాను.

ఆ రెండు మాటలకి ఇంకో రెండు కలిపి ఉంటే ఆయన ఆగిపోయేవారని ఇప్పుడు అనిపిస్తుంది. అప్పుడు అనిపించలేదు. ఆయన వెళ్ళాక బ్యాటరీలుండే గోడ బోసిపోయింది. అటువైపు బల్లమీద ఏదో ఒకటి పెడదామని చాలాసార్లు అనుకున్నాను గాని, పెట్టబుద్ధి కాలేదు. టీ తెచ్చేవాడు కొన్నాళ్ళు పొరపాటున రెండు గ్లాసులు తెచ్చేవాడు. రెండూ నేనే తాగేవాణ్ణి.

మెల్లగా జనం తగ్గారు. కొందరు వచ్చి, చిన్న సౌండేదో వస్తోందండీ అనేవారు. నేను కూర్చుని వినేవాణ్ణి. నాకేమీ వినబడేది కాదు. పాటలోనే ఉందండీ ఆ సౌండు, అనేవాణ్ణి. "అలాగేనండి," అని వెళ్ళి, మళ్ళీ వచ్చేవారు కాదు. మా కోనసీమ మర్యాద అలాంటిది. మనిషి మనతో దెబ్బలాడడు. రావడం మానేస్తాడు.

అలాంటి రోజుల్లో ఐనవిల్లి వైపు నుంచి ఒక పెద్దాయన తన కారు తెచ్చారు. ఒకప్పుడు తాసీల్దార్లు తిరిగిన మోడలు, గుండ్రటి వీపు, మీగడ రంగు. ఆయన సన్నాయి విద్వాంసులు. అందరూ గురువుగారనే అనేవారు. ఆ కారులోనే మేళాన్నంతా ఎక్కించుకుని, డిక్కీలో డోళ్ళు వేసుకుని, ఏళ్ళ తరబడి పెళ్ళిళ్ళకి తిరిగారు. ముందు పళ్ళు పోయాక సన్నాయి పట్టడం మానేశారు.

"కట్టుడు పళ్ళతో గాలి నిలబడదండీ," అన్నారు, ఇంకెవరి సంగతో చెబుతున్నట్టు.

ఆయన పాత క్యాసెట్లని ఎవరో పెన్ డ్రైవులోకి ఎక్కించి ఇచ్చారట. కారులో ఉన్న క్యాసెట్ ప్లేయరు ఎప్పుడో పాడైపోయింది. దాన్ని తీసేసి కొత్తది పెట్టమన్నారు. ఇంట్లో వినచ్చు కదండీ అన్నాను.

"ఇంట్లో ఎవరో ఒకరు మాట్లాడతారండీ. కారులో అయితే నేనూ నా సన్నాయీ అంతే."

పాతది విప్పుతుంటే దాని వెనక ఒక నల్ల వైరు కనబడింది. నేను వేసింది కాదు. డ్యాష్‌బోర్డు కిందగా పోయి, పెడళ్ళ పక్కన ఇనప రేకుకి బోల్టుతో బిగించి ఉంది. ఎవడి అతుకుల పనో అనుకుని కత్తిరించి పారేశాను. కొత్త సెట్టు నల్ల వైరుని నా అలవాటు ప్రకారం డ్యాష్‌బోర్డు స్క్రూకే తగిలించాను. సన్నాయి అద్భుతంగా పలికింది. గురువుగారు కళ్ళు మూసుకుని విన్నారు. తరవాత ఇంజను వెయ్యమన్నారు. వేశాను. ఆయన మొహం ముడుచుకుపోయింది.

"శ్రుతి పక్కన ఇంకో శ్రుతి ఉందండీ. దొంగ శ్రుతి. యాక్సిలరేటరు తొక్కితే పైకి పోతోంది."

పాత రికార్డింగులో ఉన్న రొద అయ్యుంటుందన్నాను.

"ఆ రోజు వాయించింది నేనేనండీ," అని మాత్రం అని వెళ్ళారు.

నాలుగు రోజులకి మళ్ళీ వచ్చారు. స్పీకర్ల వైర్లన్నీ మార్చాను. వారానికి మళ్ళీ వచ్చారు. ఏకంగా సెట్టే మార్చేశాను. ఇంజను వేసి, తల అడ్డంగా ఊపారు. షాపు ముందు అప్పుడు నలుగురైదుగురున్నారు. వాళ్ళందరి ముందూ నా పని తీసిపారేసినట్టు అనిపించింది.

"గురువుగారూ, పెద్దవారు, ఏమనుకోకండి. ఒకసారి చెవుల డాక్టరుకి చూపించుకోండి," అన్నాను.

ఎవరో కిసుక్కున నవ్వారు. ఆయన నవ్వలేదు, కోప్పడలేదు. "ఆయ్, చూపించుకుంటానండి," అని కారెక్కారు. ఇక రారనే అనుకున్నాను.

పదిరోజులకి ఒక మధ్యాహ్నం, వాన వెలిశాక, వచ్చారు. జేబులోంచి మడత పెట్టిన కాగితం తీసి నా బల్ల మీద పెట్టారు. చెవుల డాక్టరు రాసిచ్చిన కాగితం.

"వయసుకి మించి బాగున్నాయన్నారండీ."

కాగితం విప్పి చూసి, మళ్ళీ మడత పెట్టి ఆయనకి ఇచ్చేశాను.

"మిమ్మల్ని తప్పు పట్టడానికి రాలేదండి. పది నిమిషాలు నాతో కారులో కూర్చోండి చాలు," అన్నారాయన.

నన్ను స్టీరింగు ముందు కూర్చోబెట్టి ఆయన వెనక సీట్లో కూర్చున్నారు. పాట ఆపి, సెట్టు మాత్రం ఆన్‌లో ఉంచి వాల్యూము పెంచమన్నారు. "మీరు యాక్సిలరేటరు తొక్కుతూ వదులుతూ ఉండండి. ఆ ఈల ఎంత పైకి పోతే అంత పైకి నేను చెయ్యెత్తి చూపిస్తాను," అని కళ్ళు మూసుకున్నారు.

అద్దంలో ఆయన్నే చూస్తూ తొక్కాను. సంగీతం పాడేవాళ్ళ చేతిలా ఆయన చెయ్యి మెల్లగా పైకి లేచింది. వదిలాను. కిందికి దిగింది. ఇదేం పరీక్ష, ఇంజను చప్పుడుని బట్టి ఎవరైనా ఊపగలరు అనుకున్నాను. ఆయన్ని పట్టుకుందామని, తెలియకుండా సెట్టు కట్టేసి, ఇంజను అరిచేలా తొక్కాను. ఆయన చెయ్యి ఒళ్ళో పడింది. అలాగే ఉండిపోయింది. సెట్టు వేశాను. చెయ్యి లేచింది. కట్టేశాను. పడింది.

ఎన్నిసార్లు చేశానో గుర్తులేదు. ఒక్కసారి కూడా తప్పలేదు. చివరికి నా వేలు ఆ బటను మీదికి వెళ్ళలేదు. కారులో ఇద్దరం కూర్చున్నాం. ఒక ఈల ఉంది. అది ఒక్కరికే వినబడుతోంది.

ఆయన కళ్ళు తెరిచి అద్దంలో నన్ను చూశారు. నా చెవుల ఊసు ఎత్తలేదు. "మీ షాపులో బ్యాటరీలాయన ఉండేవారు కదండీ. ఏరి?" అన్నారు.

"రాజోలు వెళ్ళిపోయేరండి. ఎందుకు?"

"ఈ కారుకి క్యాసెట్ ప్లేయరు పెట్టింది కూడా మీరేనండీ, పదిహేనేళ్ళయింది. మీకు గుర్తుండదు. అప్పుడూ ఇదే ఈల. ఆయన నన్ను వంతెన అవతలికి తీసుకెళ్ళి, నీడలో కారాపి, ఒక నల్ల వైరు లాగి కింద రేకుకి బిగించేరు. ఈల పోయింది. మా బావగారితో అనకండి అన్నారు. ఆయన పనికి వంకలేదు, పైస్వరాలు వినబడవు అంతే, అన్నారు. ఇన్నాళ్ళూ నేను అనలేదండి."

పావుగంట రౌండ్లు, అరగంట రౌండ్లు. ఇరవై రెండేళ్ళలో ఎన్ని కార్లు! ప్రతి కారులోనూ నాకు వినబడనిది ఆయన విని, నీడలో ఆపి, సరిచేసి, చేతులు తుడుచుకుని వచ్చి నా వేళాకోళం పడ్డారు. ఈ కారులో ఆయన వేసిన వైరుని నేనే కత్తిరించి పారేశాను.

"రాజోలు ఎంత దూరమండీ, పదండి," అన్నారు గురువుగారు.

ఆయనే నడిపారు. నేను పక్క సీట్లో కూర్చున్నాను. దారి పొడవునా కాలవ గట్టు మీద దింపు తీసిన కొబ్బరికాయలు రాశులు పోసి ఉన్నాయి. బావగారితో ఏమనాలో లోపల కూడబలుక్కుంటున్నాను. ఒక వాక్యం కుదిరేది, ఇంకో మలుపు తిరిగేసరికి అది అబద్ధంలా ఉండేది.

బావగారి షాపు వెడల్పయిన గది. ఒక సగంలో బ్యాటరీలు, ఇంకో సగంలో బామ్మర్ది తాలూకు ఖాళీ బస్తాలు. ఆయన ముందు కారుని గుర్తుపట్టారు, తరవాత నన్ను చూశారు.

"రండి బావగారూ," అన్నారు, నిన్ననే విడిపోయినట్టు.

కూడబలుక్కున్నవన్నీ పోయాయి. గురువుగారు ఇంజను వేశారు. బావగారు కిటికీలో తల పెట్టి ఒక్క క్షణం విని, "ఎర్తు," అన్నారు. పావుగంటలో కొత్త నల్ల వైరు లాగి, రేకు మీద తుప్పు తెల్లగా మెరిసేదాకా గీకి, పాత చోటే బిగించారు.

"ఉప్పుగాలి కదండీ. డ్యాష్‌బోర్డు స్క్రూల్ని నమ్ముకోకూడదు," అన్నారు. అదైనా నా మొహం చూసి అనలేదు, బోల్టుని చూసి అన్నారు.

గురువుగారు తన సన్నాయి పెట్టుకుని కారులోనే ఉండిపోయారు. మేమిద్దరం లోపల టీ తాగాం.

"ఎప్పట్నించి తెలుసు మీకు?" అని అడిగాను.

"మీరు మైకుసెట్లు మానేసి వచ్చిన కొత్తలోనేనండి. ఎడం వైపు నించుని పిలిస్తే పలికేవారు కాదు."

"మరి నాకు చెప్పలేదేం?"

"చెప్తే మానేసేవారు. మీరు మానేస్తే నేనొక్కణ్ణీ ఏం చేస్తానండీ ఆ షాపులో?"

తప్పయిపోయిందని ఏదో గొణిగాను. ఆయన చెయ్యి ఊపేసి గ్లాసులు తీశారు.

బయల్దేరాం. నేను సీట్లో కూర్చున్నాక బావగారు నా వైపు కిటికీ దగ్గరికి వచ్చి వంగారు. అది నా ఎడమ వైపు. ఇంజను నడుస్తోంది, కారులో సన్నాయి మోగుతోంది, వెనక నుంచి లారీ హారన్ కొడుతోంది. ఆయన ఏదో అన్నారు. చిన్న మాట కాదు, కాస్త పొడుగైన మాటే. పెదాలు కదలడం కనబడింది. చెయ్యి షాపు వైపు చూపించడం కనబడింది. ఒక్క ముక్క వినబడలేదు.

"ఆయ్," అన్నాను.

ఆయన నా మొహంలోకి చూసి మళ్ళీ చెప్పారు, ఈసారి నెమ్మదిగా.

"ఆయ్, ఆయ్," అన్నాను.

బావగారి మొహం వెలిగిపోయింది. కిటికీలోంచి నా చెయ్యి పట్టుకుని ఊపారు. కారు కదిలింది.

వినబడలేదని చెప్పడానికి అంతకంటే తేలికైన రోజు నా జన్మలో లేదు. దాచడానికి ఏమీ మిగల్లేదు, నా చెవుల సంగతి ఆ కారు దగ్గరున్న ముగ్గురికీ తెలుసు. అయినా నోరు రాలేదు. ఇన్నేళ్ళ అలవాటు ఒక్క మధ్యాహ్నంలో వదలదు. కొంత దూరం పోయాక, ఆయనేమన్నారండీ అని గురువుగారిని అడిగాను. "సన్నాయి వింటున్నానండీ, పట్టించుకోలేదు," అన్నారు. వెళ్ళేటప్పుడు అందరూ అనే మాటలే అయ్యుంటాయని సరిపెట్టుకున్నాను.

ఆ నెలలోనే షాపు మూసేశాను. సామాన్లు అడిగినవాళ్ళకి ఇచ్చేశాను. గురువుగారు వెళ్ళిన డాక్టరు దగ్గరికే నేనూ వెళ్ళాను. ఎడమది పోయిందన్నారు, కుడిది సగం ఉందన్నారు. చెవిలో పెట్టుకునే మిషను తెప్పించడానికి కొన్ని వారాలు పట్టింది. ఈలోగా ఇంట్లో ఒక్కణ్ణే కూర్చుని బావగారు ఫోను చేస్తారేమోనని చూశాను. మోగలేదో, మోగినా నాకు వినబడలేదో చెప్పలేను. నేనే చేద్దామంటే, అంత పని చేసినవాణ్ణి ఏ మొహంతో చెయ్యను? అలా మూడు నెలలు పోయాయి.

మిషను పెట్టుకోవడం అలవాటయ్యాక, రాజోలు బస్సెక్కాను. ఇక ఆయన ఎటు నించుని పిలిచినా పలకగలనని లోపల చిన్న గర్వం.

షాపులో బస్తాలు లేవు. ఆ సగంలో కొత్త బల్ల, దాని మీద జెరాక్స్ మిషను, దాని ముందు కాగితాలు పట్టుకుని ఇద్దరు ముగ్గురు. బావగారు ఇటువైపు బ్యాటరీకి నీళ్ళు పోస్తున్నారు. నన్ను చూసి లేచి, కుర్చీ తుడిచి వేశారు.

"రండి మేస్త్రిగారూ, కూర్చోండి," అన్నారు.

మేస్త్రిగారూ. నా కొత్త చెవి ఆ మాటని చాలా స్పష్టంగా పట్టుకుంది.

"ఆ సగం ఎవరికో ఇచ్చేసినట్టున్నారే?" అన్నాను, ఏదో ఒకటి అనాలి కాబట్టి.

"ఆయ్. రెండు నెలలు చూసేనండి. వచ్చేస్తానన్నారు కదా అని బస్తాలు తీయించి, మీకని ఆ బల్ల కూడా చేయించేను. మీరు రాలేదు. ఇష్టం లేదేమో, మొహమాటానికి ఆయ్ అన్నారేమో అనుకున్నాను. అడిగి ఇబ్బంది పెట్టడం ఎందుకని ఊరుకున్నానండి."

అప్పుడు తెలిసింది నాకు, ఆ రోజు కిటికీ దగ్గర ఆయనేమన్నారో.

"నాకు వినబడలేదు బావగారూ," అన్నాను. ఆ మాట నా నోటి నుంచి రావడం అదే మొదటిసారి.

ఆయన కోప్పడలేదు. కాసేపు నా చెవిలో మిషను వైపు చూశారు.

"వినబడదనే కదండీ రెండుసార్లు చెప్పేను. రెండుసార్లూ ఆయ్ అన్నారు. లేదని ఒక్కసారి అంటే, మూడోసారి చెప్పేవాణ్ణి."

టీ తెప్పించారు. తాగాం. జెరాక్స్ ఆయనతో రెండేళ్ళకి కాగితం రాసుకున్నారట, మంచివాడేనట. గురువుగారు నెలకోసారి ఇటు వచ్చి పలకరించి పోతున్నారట. ఇక మాటలు అయిపోయాయి. బస్సుకి ఇంకా టైముంది.

ఆ నిశ్శబ్దంలో ఏదో సన్నని చప్పుడు వినబడింది. నూనెలో చిన్న చినుకులు పడుతున్నట్టు, ఆగకుండా. ముందు నా మిషను లోపమేమో అనుకున్నాను. చుట్టూ చూశాను. గోడ పక్కన వరసగా చార్జింగుకి పెట్టిన బ్యాటరీలు. వాటి లోపల్నించి వస్తోంది.

"ఇవి చప్పుడు చేస్తాయా?" అని అడిగాను.

"ఎప్పుడూ చేస్తాయండి," అన్నారాయన.

ఇరవై రెండేళ్ళు వాటి పక్కన కూర్చున్నాను. బస్సు వచ్చేదాకా అది వింటూ ఉన్నాను.